గుమ్మి అడుగున బుచ్చవ్వ

మా వాడకట్టులో లస్మక్క అసూయ ఎరుగనివాళ్లు లేరు. బతికున్నవాళ్లను చూసి కుళ్లుకునే ఆడవాళ్లు, మగవాళ్లు కూడా, ప్రతి వీధిలో ఉంటారు. అందులో రాయడానికేమీ లేదు. లస్మక్క కుళ్లు ఒక చచ్చిపోయినామె మీద. ఆమె పేరు బుచ్చవ్వ, లస్మక్క భర్త రాయమల్లుకు మొదటి భార్య. లస్మక్క ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికే ఆమె గోడ మీద ఫోటో అయిపోయింది. అయినా ఆ ఫోటో ముందు లస్మక్క ఎన్నడూ గెలవలేదు.

నేను వాళ్ల ఎదురింటి కోడలిని, పేరు నవత. మెట్‌పల్లి పక్కనున్న ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పుడు నాకు మొదట దొరికిన స్నేహం లస్మక్కే. ఆమె నోరు కారం. నోరు కారమని రాయగానే మనసు మాత్రం వెన్న అంటానని అందరూ ఎదురుచూస్తారు. కాదు, మనసు కూడా కారమే. అందుకే నాకు నచ్చింది.

ఆమె పుట్టిల్లు పెద్దపల్లి వైపు. తండ్రి తొందరగా పోతే బీడీలు చేసి తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒక దరికి చేర్చింది. అంతలో తన పెళ్లి ఈడు దాటిపోయింది. ఆ రోజుల్లోనే మస్కట్‌లో పనిచేస్తున్న రాయమల్లు భార్య పచ్చకామెర్లతో పోయింది. సెలవు దొరికి, టికెట్ దొరికి, ఆయన ఊరు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఆయన మళ్లీ మస్కట్ పోలేదు. ఏడాది తిరిగాక తల్లి రామవ్వ సంబంధం వెతికి లస్మక్కను తెచ్చింది. బుచ్చవ్వకు పిల్లలు లేరు, లస్మక్కకూ కలగలేదు. "గా ఒక్క దాంట్లనే నేను, మా సవతి సమానం" అనేది లస్మక్క.

రాయమల్లు బావ మంచివాడే. లస్మవ్వను నేను అక్కా అంటాను కాబట్టి ఆయన నాకు బావ. తాగడు, చెయ్యి చేసుకోడు, పసుపు చేను, వరి మడి తప్ప ఇంకో ధ్యాస లేదు. కానీ మాట్లాడడు. తిన్నవా, కరెంటొచ్చిందా, పండుకో అనే మూడు ముక్కలతో పన్నెండేళ్ల కాపురం నడిపాడు. మొదటి భార్యతో అలా ఉండేవాడు కాదని ఊళ్లో ముసలివాళ్లు ఎవరో ఒకరు లస్మక్క చెవిన వేస్తూనే ఉండేవాళ్లు. "ఆయన మాటలన్నీ మా సవతి మూట గట్టుకొని పోయింది" అని ఆమె నా దగ్గర పళ్లు కొరికేది.

ఆ మంటకు ఊరి ఆచారం నెయ్యి పోసేది. మా దగ్గర మొదటి భార్య ముత్తైదువగా పోతే ఆమెను పేరంటాలు అంటారు, ఇంటి దేవతను చేసి కొలుస్తారు. రెండో భార్య మెడలో పుస్తెలతో పాటు, పోయినామె పేర ఒక చిన్న వెండి బిళ్ల వేసుకోవాలి. పెద్దలకు పెట్టుకునే పెత్తర అమాస నాడు కొత్త చీర తెచ్చి, పసుపు కుంకుమలతో ముందు పేరంటాలు ఫోటో దగ్గర పెట్టి, దండం పెట్టి, ఆ తర్వాతే తను కట్టుకోవాలి. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఊరి ఆడవాళ్లంతా కొత్త చీరల్లో చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే లస్మక్క తన కొంగును రెండు వేళ్లతో పట్టుకుని నా చెవిలో అనేది: "పూలు ఎంగిలివో కాదో గని నవతా, నా చీరయితే ఎంగిలిదే."

నిరుడు ఆమె తిరగబడింది. బీడీల పైసలు కూడబెట్టి మెట్‌పల్లి అంగట్లో చిలకపచ్చ చీర, ఎర్ర అంచుది, కొనుక్కొచ్చింది. ఫోటో ముందు పెట్టమని అత్త పీట వేస్తే, చీర మడత విప్పి భుజాన వేసుకుంది.

"గిది మొదలు నేనే కట్టుకుంట. సచ్చినామెకు చీరెందుకే అత్తా, చలి పెడ్తుందా?"

రామవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓసి నీ నోరు పడిపోను! పేరంటాలుతోని పరాచికాలా? మంచిగుండదే లస్మీ."

లస్మక్క వినలేదు. ఆ సాయంత్రం ఆమె బతుకమ్మ ఆడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అందరికంటే ముందు వంగి, అందరికంటే వెనక లేచి, పాట అందుకుంటూ తిరిగింది. ఆ ఒక్క పొద్దు ఆమె ముఖంలో కుళ్లు లేదు.

దసరాకు వచ్చిన చుట్టాలు ఇంకా సంచులు సర్దుకోకముందే బావకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమనుకుని గోళీలు మింగించారు. రెండో రోజుకు పలవరింతలు, ఆ పైన ఫిట్స్. కరీంనగర్ దవాఖానకు తీసుకుపోతే మెదడుకు పట్టిన జ్వరమన్నారు. నేనూ తోడు వెళ్లాను. ప్రాణం దక్కింది. కళ్లు తెరిచి, పక్కన స్టూలు మీద కూర్చున్న లస్మక్కను చూసి, ఆయన చాలా మర్యాదగా అడిగాడు.

"చెల్లె, మా ఇంటామె ఎటు పోయింది? జర మా బుచ్చవ్వను పిలువు."

మొగుడి నోట చెల్లె అన్న పిలుపు విన్నాక ఆడదానికి ఇంకేం మిగులుతుంది? నేను ఆమె ముఖం చూడలేక సెలైన్ సీసా వైపు చూస్తూ నిలబడ్డాను.

డాక్టరు కుర్రవాడే, మా వైపు మనిషే. వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, మనం చూసింది, విన్నది అంతా ముందు కల్లంల పడ్డ వడ్ల లెక్క. కొద్దిసేపే ఉంటది. ఫోన్ నంబర్ చెప్తే కొట్టేదాక నోట్లె తిప్పుకుంటం, కొట్టినంక మర్చిపోతం. గది కల్లం. ఇంట్లకు మోసి గుమ్మిల పోసుకున్నదే ఏండ్లకేండ్లు నిలుస్తది. మీ ఆయనకు కల్లం ఉంది. గుమ్మి ఉంది. నడుమ మోసేటోళ్లే లేరు. జ్వరం వాళ్లను కొట్టింది. అందుకే ఇప్పుడు చెప్పిన మాట ఇప్పుడే అంటడు, జర ధ్యాస మళ్లితే మాయమైతది."

"మరి నేను గుమ్మిల లేనా సారూ? జ్వరం మొన్నటిది. నేను పన్నెండేండ్ల సంది ఉన్న."

డాక్టరు ఎదురు ప్రశ్న వేశాడు. "గుమ్మి మీద వాన పడితే ఏ వడ్లు ఖరాబైతయమ్మా?"

"పై వడ్లు."

"గంతే. అడుగున పోసిన పాతయి పొడిగ ఉన్నయి. పైనవి తడిసినయి. కొన్ని ఆరి మళ్ల పనికి రావచ్చు, రాకపోవచ్చు. ఎవరం చెప్పలేం."

బస్సులో వస్తుంటే గంగాధర దాటాక అంది: "అంటే నేను పై వడ్లను. అది అడుగున చల్లగ కూసున్నది."

ఇంటికొచ్చాక గోడ మీద దండ వేసిన ఫోటో చూసి బావ కేకలు పెట్టాడు. "బతికున్న మనిషికి దండెవరేసిన్రు?"

"సచ్చిపోయింది నీ బుచ్చవ్వ. ఎన్నడో సచ్చిపోయింది" అంది లస్మక్క. ఆ గొంతులో జాలి లేదు, కసి ఉంది. మెత్తగా చేసి రాయడం నాకు చేతకాదు.

ఆయన స్తంభాన్ని పట్టుకుని జారిపోయి, తల కొట్టుకుని ఏడ్చాడు. మస్కట్ నుంచి ఆలస్యంగా వచ్చినవాడి ఏడుపు అది, నిన్న జరిగినంత పచ్చిగా ఉంది. ముఖం కడిగి, చాయ్ తాగించి కూర్చోబెట్టగానే మళ్లీ ఫోటో చూశాడు, మళ్లీ దండెవరేసిన్రు అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ ఏడ్చాడు. చివరికి ఆమె ఆయన ముందు గొంతుక్కూర్చుని అడిగింది: "నేను సస్తే గిట్ల ఏడుస్తవా అయ్యా?"

"నువ్వెందుకు సస్తవు చెల్లె, పాపం" అన్నాడాయన కన్నీళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే ఫోటో దించి సందూక పెట్టెలో అడుగున పెట్టింది. పోనీలే, మొగుడి మీద జాలి కలిగిందని నేను సంతోషించబోయాను. "జాలా? దానికి రోజుకు నాలుగుసార్లు ఏడుపు దక్కుతుంటే నా కండ్లతోని చూడాల్నా?" అంది. అప్పటినుంచి బుచ్చవ్వ ఏదని ఆయన అడిగితే అవ్వగారింటికి, అదే పుట్టింటికి, పోయిందని చెప్పేది. ఆయనకు అది చాలేది.

రామవ్వకు డాక్టరు మాటలు చెవికెక్కలేదు. ఆమె లెక్క ఆమెకు ఉంది. చీర పెట్టనందుకు పేరంటాలు అలిగింది, అలిగి తన మొగుడి మతిని తను తీసుకుపోయింది, ఉత్త ఒళ్లు కోడలికి వదిలేసింది. లస్మక్క దీన్ని పైకి తోసిపుచ్చేది గాని లోపల నమ్మింది. మెడలోని వెండి బిళ్లను పట్టుకుని తనలో తను గొణుక్కోవడం నేను చూశాను. అది మొక్కో తిట్టో చెప్పలేను.

ఇక ఆమె పంతానికి దిగింది. ఒకే మాట పదే పదే చెబితే ఒక్కోసారి లోపలికి దిగొచ్చని దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరు అన్నాడు. పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు మొదలుపెట్టేది.

"నా పేరు లస్మవ్వ. నీ పెండ్లాన్ని. అను."

"లస్మవ్వ. నా పెండ్లాం." బడిపిల్లవాడిలా అప్పజెప్పేవాడు.

"మళ్ల అను."

మళ్లీ అనేవాడు. వాకిట్లోకి మేక వచ్చేది. ఛెయ్ ఛెయ్ అని అదిలించి ఇటు తిరిగేసరికి మాట పోయేది. "చెల్లె, నువ్వెవరి బిడ్డవు?" అని అడిగేవాడు. ఆమె మేకను కొట్టిన దెబ్బలు మొగుణ్ని కొట్టాల్సినవని మా వాడకట్టంతా నవ్వుకునేది. నేను నవ్వలేకపోయాను.

చలికాలంలో ఆయనను కుదురుగా కూర్చోబెట్టడానికి బీడీల ఆకు ముందు పెట్టింది. తడిపిన తునికాకు మీద కొలత రేకు పెట్టి, కత్తెరతో దాని చుట్టూ కత్తిరించాలి. మా దగ్గర అది ఆడవాళ్ల పని. ఆయన జన్మలో ముట్టలేదు. మొదట్లో సగం ఆకు చించి పారేశాడు. రోజూ కత్తెర చేతికివ్వగానే ఒకటే మాట: "నాకు రాదు. నేనెన్నడు చెయ్యలే." కానీ ఎండలు ముదిరే నాటికి ఆకులు రేకుకు రేకు సరిగ్గా దిగుతున్నాయి. ఈనె ఎటుందో చూసి ఆకును తిప్పుకుంటున్నాడు. అప్పుడు కూడా నోరు మాత్రం నాకు రాదనే అంటుంది.

చూపించుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే డాక్టరు సంబరపడ్డాడు. "చేతుల అలవాటుకు వేరే గుమ్మి ఉంటదమ్మా. అది చెడలే. ఎప్పుడు నేర్చిండో, ఎవరు నేర్పిన్రో ఆయనకు యాదుండది. పని మాత్రం యాదుంటది."

"చేతులకు తెలిస్తే నాకేం లాభం సారూ" అని లస్మక్క లేచింది. "నోటికి తెల్వాలె."

ఈ ఏడు పెత్తర అమాస దగ్గర పడుతుంటే రామవ్వ కోడలికి చెప్పకుండా ఆదిలాబాద్‌కు ఫోన్ చేయించింది. బుచ్చవ్వ పుట్టిల్లు అక్కడే. ఆమె చెల్లెలు సమ్మక్కను ఆ ఊళ్లోనే జిన్నింగ్ మిల్లులో పనిచేసే అతనికి ఇచ్చారు. అచ్చం అక్క పోలిక. ఆమె చీర తెచ్చి పెడితే పేరంటాలు చల్లబడుతుందని, ఆమె ముఖం చూస్తే కొడుకు మతి తిరిగొస్తుందని ముసలామె ఆశ. సమ్మక్క పొద్దున బస్సు దిగి వాకిట్లోకి వచ్చింది. అరుగు మీద ఆకు కత్తిరిస్తున్న బావ కత్తెర పడేసి లేచాడు.

"బుచ్చీ! ఎన్ని దినాలు పోయినవే! నా మీద అలిగినవా?"

"అగ బాయీ!" అని ఆదిలాబాద్ వైపు వినిపించే మరాఠీ ఊతపదంతో సమ్మక్క బిత్తరపోయి రామవ్వ వైపు చూసింది. ముసలామె ఊరుకోమని సైగ చేసింది. పాపం ఆ పిల్ల తల వంచుకుని ఆయన పక్కన కూర్చుంది.

ఆయన మాట్లాడాడు. పన్నెండేళ్లలో మేము వినని మనిషి మాట్లాడాడు. పెళ్లయిన కొత్తలో ఆదిలాబాద్ నుంచి బస్సులో వస్తుంటే ఆమె తల నిండా దూది పింజలు ఉన్నాయట. పత్తి బండి మీద ఎక్కి వచ్చిందట. నిర్మల్ దాకా ఒక్కో పింజ ఏరుతూ కూర్చున్నాడట. బస్సంతా నవ్విందట. "సిగ్గుతోని నువ్వు కిటికీల తల పెట్టినవు, యాదున్నదా?" అని ఆయన పకపకా నవ్వాడు.

లోపల వంటింట్లో నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. లస్మక్క జొన్నరొట్టె కొడుతోంది. దెబ్బ దెబ్బకూ పీట అదురుతోంది.

"నా తలల పేను ఉన్నా చూడలే గీ మనిషి" అంది. రొట్టె పెనం మీద వేసి, చేతులు తుడుచుకుని, గూట్లోంచి బట్టల సంచి లాగింది. రెండు చీరలు కుక్కింది. అందులో ఒకటి ఆ చిలకపచ్చది.

"ఏం చేస్తున్నవక్కా?"

"పెద్దపల్లి పోత. ఆయనకు ఆయన బుచ్చవ్వ వచ్చింది. నాకేం పని ఇక్కడ? ఏడాది సంది ఎత్తుకున్న, కడిగిన, తినిపిచ్చిన. పేరు గూడ రాలే నాకు. సచ్చి గూడ అదే గెలిచిందే నవతా." పొయ్యి మంట వెలుగులో ఆమె ముఖం చూస్తే భయం వేసింది. ఇది అలక కాదు, నిజంగానే పోతుంది.

రామవ్వ పట్టుకుపోయిన రొట్టెలతో బయట సమ్మక్క కంచం పెట్టింది. బావ వేళ్లు జ్వరం తర్వాత వణుకుతాయి. లస్మక్క రొట్టెను చిన్న ముక్కలు చేసి, పప్పులో నానబెట్టి పెడుతుంది. సమ్మక్కకు అది తెలియదు, నిండు రొట్టె పెట్టింది. ఆయన కంచం వైపు చూశాడు, సమ్మక్క వైపు చూశాడు, వంటింటి గుమ్మం వైపు చూశాడు. నీళ్లని చెప్పి లేచి లోపలికి వచ్చాడు. నేను మూలన ఉన్నట్టు కూడా ఆయన గమనించలేదు.

"ఓ," అని లస్మక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మా ఇంటామె వచ్చింది."

"చూసిన. పండుగ చేసుకో."

ఆయన కళ్లు సంచి మీద పడ్డాయి. "గిదేంది? పోతున్నవా?"

"ఆమె వచ్చినంక నాకేం పని?"

ఆయన వెనక్కి తిరిగి చూసి, తలుపు ఓరగా వేశాడు. ముఖంలో నిజమైన కంగారు. "పోకు. ఆమెకు నేను నిదానంగ చెప్త. అందాక గా వెనుక అర్రల ఉండు. జర ఆమె కండ్ల పడకు."

లస్మక్క సంచిని పక్కకు జరిపింది. "ఏమని చెప్తవు? నేనెవర్ని నీకు?"

ఆయన వెతుక్కున్నాడు. పాపం, లోపల ఎంత తడిమినా ఏమీ తగలనట్టు నుదురు ముడిపడింది. "తెల్వది."

"చెల్లెనా?"

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ వయసు మనిషి సిగ్గుపడటం నేను అప్పుడే చూశాను. "ఛీ. చెల్లె ఎందుకైతవు?"

నాకు అప్పుడు తట్టింది. ఆయన ఆమెను చెల్లె అనడం ఎప్పుడో మానేశాడు. ఎండాకాలం నుంచో, అంతకు ముందు నుంచో. రోజూ పేరు అప్పజెప్పించే గొడవలో ఆమె గాని నేను గాని గమనించనే లేదు.

"చెల్లె కాకుంటె మరెవర్ని?"

"తెల్వదంటున్న గదా. నువ్వు కనబడకుంటె నాకు పరేషాన్ అయితది. పోకు."

"లస్మవ్వ నా పేరు."

"లస్మవ్వ" అన్నాడు. బయటికి వెళ్లి కంచం ముందు కూర్చునే లోపల ఆ పేరు పోయే ఉంటుంది. కానీ కూర్చున్నాక మెడ సాచి, ఆమె ఉందో లేదో అని తలుపు సందులోంచి చూశాడు.

లస్మక్క పొయ్యి ముందు కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేశాను. నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, ఒళ్లంతా ఊగిపోతూ నవ్వుతోంది.

"చూసినవా నవతా! పెండ్లాన్నై పన్నెండేండ్లు ఉంటె పలకరించలే. ఇప్పుడు నన్ను ఉంచుకున్నడే!"

పెనం మీది రొట్టె మాడిపోయింది. దాన్ని పక్కన పారేసి ఇంకొకటి కొట్టి, కాల్చి, ముక్కలు చేసి, పప్పులో నానబెట్టి, నాతో బయటికి పంపింది. తను మాత్రం ఆయన బుచ్చవ్వ కళ్ల పడకుండా లోపలే ఉంది. ఆయన గిన్నె ఊడ్చి తిన్నాడు. సంచిలోని చీరలు మళ్లీ గూట్లోకి వెళ్లాయి. సమ్మక్క మర్నాడు, తెచ్చిన చీర రామవ్వ చేతిలో పెట్టి, బతికిపోయాననుకుంటూ ఆదిలాబాద్ బస్సెక్కింది.

పెత్తర అమాస నాడు లస్మక్క సందూక అడుగు నుంచి ఫోటో తీసింది. తుడిచింది. దండ మాత్రం వేయలేదు, ఆయన చూస్తే మళ్లీ ఏడుస్తాడని. పీట మీద సమ్మక్క తెచ్చిన చీర, దాని పక్కన తను కొన్న కొత్త చీర, రెండూ పెట్టింది. రామవ్వ తృప్తిగా దండం పెట్టుకుని పూలు తేవడానికి పెరట్లోకి వెళ్లింది. అరుగు మీద కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

లస్మక్క ఫోటో మీదికి వంగి కుంకుమ పెట్టింది. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"మొదలు నువ్వే కట్టుకో అక్కా, ఎంగిలైనా నేను కట్టుకుంట. గని ఒక్కటి విను. నీకు తెల్వకుంట నీ మొగడు నన్ను వెనుక అర్రల దాచిపెట్టుకున్నడు. ఇగ కుళ్లుకునుడు నీ వంతు."